ఇరవై నలుగురు పేరమ్మలు

గత ఏడాది ఆగస్టు రెండో మంగళవారం, ఉదయం పదకొండు గంటల పది నిమిషాలకు ఈ పని నా దగ్గరకు వచ్చింది. విజయవాడ పటమటలో మా ఇంటి ముందు గదే నా స్టూడియో. పని ఒప్పుకున్న రోజు, గంట, అప్పజెప్పిన రోజు, గంట డైరీలో రాసుకోవడం ఇరవై ఒకటో ఏట నుంచి నాకు అలవాటు. ఈ పని వచ్చేనాటికి నాకు అరవై ఎనిమిది. మొదటి ఇరవై ఏళ్లు సన్నని పెన్సిలుతో నెగెటివుల మీద రీటచింగ్ చేశాను. ముఖం మీది మొటిమలు, మచ్చలు, ముడతలు ఫొటోలో కనపడకుండా చేయడమే ఆ పని. తర్వాతి ఇరవై ఏడేళ్లు అదే పని కంప్యూటర్లో.

ఈ మధ్య పెళ్లి ఫొటోలు తగ్గి ఐకాన్లు ఎక్కువయ్యాయి. ఐకాన్ అంటే ఫోన్లో మన పేరు పక్కన గుండ్రంగా కనిపించే చిన్న బొమ్మ. ఇష్టమైన ఆటగాడినో, సీరియల్లో పాత్రనో రంగులతో అలంకరింపజేసి అక్కడ పెట్టుకునే అభిమానులు ఇంతమంది ఉన్నారని ఈ పనిలో దిగేదాకా నాకు తెలియదు.

ఆ మంగళవారం ఇద్దరు ఆడవాళ్లు వచ్చారు. ఒకామె ఎస్తేరు రాణి, ప్రైవేటు ఆసుపత్రిలో హెడ్ నర్సు. రెండో ఆమె నాగమణి, మార్కెట్లో చేపలు అమ్ముతుంది.

"ఇరవై నాలుగు ఐకాన్లు కావాలి ఆంటీ. శనివారం సాయంత్రం ఆరింటికల్లా," అంది రాణి.

"ఎవరి బొమ్మ?"

"పేరమ్మదండి," అంది నాగమణి.

"ఏ పేరమ్మ?"

నాగమణి నన్ను ఎగాదిగా చూసి రాణి వైపు తిరిగింది. "ఈవిడ టీవీ చూడరే! మనం వచ్చిన ఇల్లు ఇదేనా?"

పేరమ్మ ఒక సీరియల్లో వంటమనిషి. పెద్దింటివాళ్లు ఆస్తి కోసం కొట్టుకుంటుంటే, వంటింట్లో నిలబడి ఒక్క మాటతో అందరి గాలీ తీసేస్తుందట. ఆ వేషం వేసే కాంతం నాగమణి ఊరిదే, బందరు దగ్గర. ఇరవై ఏళ్లు నాటకాల్లో చిన్నా చితకా వేషాలు వేసింది. నెలంతా పని దొరికిన వేషం ఇదొక్కటే.

"ఇప్పుడు ఆ పేరమ్మని కాశీకి పంపించేస్తారంటండి. ఫోన్ చేసి ఒకటే ఏడుపు," అంది నాగమణి.

"కాశీకి వెళితే ఏడుపెందుకు?"

"మా సీరియల్లో కాశీకెళ్లినోళ్లు తిరిగి రారండి అమ్మగారూ. ఇప్పటికి ముగ్గురెళ్లారు."

శనివారం ఆరు గంటలకు సీరియల్ తీసేవాళ్లు ఫోన్లో ప్రేక్షకులతో ప్రత్యక్షంగా మాట్లాడతారు. ఎవరు ఏం రాసినా వాళ్ల ఐకాన్ పక్కనే కనిపిస్తుంది. వీళ్ల అభిమాన సంఘంలో ఇరవై నలుగురు. అందరి పక్కనా పేరమ్మ ముఖమే కనిపించాలని, అయితే ఏ రెండు ముఖాలూ ఒకేలా ఉండకూడదని వాళ్ల పట్టుదల. ఒకేలా ఉంటే ఎవరో ఒక్కరే ఇరవై నాలుగు పేర్లతో రాస్తున్నారనుకుంటారట. ఆ మాట నాకు నచ్చింది. పని ఒప్పుకున్నాను.

ఒకే ముఖాన్ని ఇరవై నాలుగు రకాలుగా చూపించేవి టెక్స్చర్లు. ఏదైనా వస్తువు పైతలాన్ని, దాని గరుకుతోనూ నేతతోనూ సహా స్కాన్ చేసి బొమ్మలో కలపడాన్ని మేం అలా అంటాం. దొరికే రెడీమేడ్ టెక్స్చర్లు నాకు నచ్చవు. ఎవరింట్లోంచి వాళ్లనే ఒక వస్తువు తెమ్మన్నాను.

బుధవారం ఉదయం నా గది సంతలా తయారైంది. మంగళగిరి నుంచి ఒకామె నేత చీర అంచు తెచ్చింది. ఇబ్రహీంపట్నం నుంచి వచ్చినామె థర్మల్ స్టేషన్ బూడిదను జిగురు రాసిన అట్ట మీద చల్లి తెచ్చింది. రాణి క్రిస్మస్ నక్షత్రానికి వాడిన మెరుపు కాగితం తెచ్చింది. ఇంకా తాటాకు చాప ముక్క, మిరపకాయల గోతం, గీతలు పడ్డ ఇత్తడి పళ్లెం, పెచ్చులూడిన సున్నం. నాగమణి తెచ్చింది వల ముక్క.

"కడిగావా?"

"మూడుసార్లు కడిగానండి."

"మరి ఈ వాసన?"

"అది వలది కాదండి, నాది."

గదిలో అందరూ పగలబడి నవ్వారు. నేనూ నవ్వాను. స్కానర్ అద్దం మీద ప్లాస్టిక్ షీటు పరిచి ఇరవై నాలుగూ స్కాన్ చేసేసరికి ఒంటిగంట దాటింది.

ఈ పనిలో లేయర్లు అంటే ఒకదాని మీద ఒకటి పేర్చిన పారదర్శకపు కాగితాలనుకోండి. అడుగున ముఖం, దాని మీద రంగు, ఆ పైన టెక్స్చర్. మల్టిప్లై పెడితే పై కాగితంలోని నలుపు మాత్రమే కిందికి దిగుతుంది, స్క్రీన్ పెడితే వెలుగు మాత్రమే. బూడిద అట్టను మల్టిప్లైలో పెట్టగానే పేరమ్మ వెనక వంటింటి పొగ లేచింది. మెరుపు కాగితాన్ని స్క్రీన్‌లో పెడితే జుట్టు చుట్టూ వెలుగు పట్టింది. వల ఆమె భుజం మీద జాలరు పైటలా పడింది. నేను వేసిన బొమ్మలు చూసి నాకే ముచ్చటేసిన రోజులు తక్కువ. ఆ గురు, శుక్రవారాలు అలాంటివి.

పూర్తయిన ఒక్కో బొమ్మనూ ఫ్లాటెన్ చేశాను. అంటే లేయర్లన్నీ కలిపి ఒకే కాగితంగా చేయడం. ఆ తర్వాత వాటిని మళ్లీ విడదీయలేం. డిస్కులో చోటు కలిసొస్తుందని, పని ముగించినట్టు ఉంటుందని నా పద్ధతి అది.

శుక్రవారం సాయంత్రం నాలుగింటికి రాణి, నాగమణి వచ్చారు. ఇరవై నాలుగూ వరుసగా తెర మీద పెట్టాను. ఇద్దరూ ముందుకు వంగి ఒక్కో బొమ్మనూ చూశారు. చివరికి నాగమణి అడిగింది.

"బాగుందండి. ఎవరండీ ఈవిడ?"

"పేరమ్మే కదా!"

"మా పేరమ్మకి ఎడమ చెంప మీద మచ్చ ఉంటుందండి. వేడి నూనె చిట్లి కాలిన మచ్చ. అదేది?"

అది తుడిచేశాను. వాళ్లిచ్చిన ఫొటో తెరవగానే మొదట చేసిన పని అదే. దాని గురించి ఆలోచించను కూడా లేదు. నలభై ఏడేళ్లుగా ఏ ముఖం వచ్చినా నా చెయ్యి ముందు మచ్చ మీదికే వెళుతుంది. ఇరవై నాలుగింటికీ ఆ తుడిచిన ముఖమే వాడాను.

"అది కాంతం సొంత మచ్చే ఆంటీ. మొదట్లో రోజూ మేకప్‌తో కప్పేసేవాళ్లు, ఇప్పటికీ ఒక్కోసారి కప్పుతారు," అంది రాణి మెల్లగా. "ఒకరోజు మేకప్పతను రాలేదు. మచ్చతోనే తీసేశారు. నిజంగా వంటచేసే మనిషిలా ఉందని అప్పుడే కదా మేమంతా ఈమెకి అభిమానులం అయ్యాం."

మర్నాడు ఆరింటికి ఇంకా ఇరవై ఆరు గంటలే ఉంది. ఫ్లాటెన్ చేశాను కాబట్టి అడుగున ముఖం ఒక్కటే మార్చడం కుదరదు, బొమ్మలన్నీ మొదటి నుంచి చేయాలంటే ఆ టైము చాలదు. అసలు ఫొటోలోంచి మచ్చ కత్తిరించి ఒక బొమ్మ మీద పెట్టి చూశాను.

"చెంప మీద అప్పడం అంటించినట్టుందండి," అంది నాగమణి.

నిజమే. చుట్టూ టెక్స్చర్ గరుకుగా ఉంటే మచ్చ ఒక్కటే నున్నగా, అతికినట్టు కనపడుతోంది. మచ్చకూ ఒక టెక్స్చర్ కావాలి. కాలిన మచ్చ ఎలా ఉంటుందని రాణిని అడిగాను.

"నడుమ కాస్త పాలిపోయి ఉంటుంది ఆంటీ. అంచు నల్లగా, చర్మం దగ్గరకి లాగినట్టు ముడుచుకుని ఉంటుంది."

లాగినట్టు ముడుచుకోవడం అనగానే నాకు బీరువాలోని పాత బ్రోమైడ్ పేపరు గుర్తొచ్చింది. ఫొటోలు ప్రింటు వేయడానికి ఒకప్పుడు వాడేవాళ్లం. పైన సన్నని జిగురు పూత ఉంటుంది, వేడి తగిలితే ఉబ్బి ముడుచుకుంటుంది. ఆ కంపెనీ ఆ పేపరు చేయడం ఎప్పుడో మానేసింది. నా దగ్గర మిగిలింది ఒకే ప్యాకెట్టు, పన్నెండు షీట్లు.

శనివారం ఉదయం ఏడున్నరకు మా వంటింట్లో నూనె కాగింది. గరిటె పట్టింది నాగమణి. మొదటి షీటు మాడిపోయింది. రెండోదాని మీద నూనె చెరువైంది.

"చేప వేపినట్టు కాదు నాగమణీ! చుక్క, ఒక్క చుక్క!"

"ఒక్క చుక్క వెయ్యడం నాకెక్కడ అలవాటండీ!"

నాలుగోదానికి చెయ్యి కుదిరింది. పన్నెండు షీట్లూ అయ్యేసరికి ముప్ఫై ఒక్క మచ్చలు వచ్చాయి. రాణి వాటిని గాయాలు చూసినట్టే ఒక్కొక్కటీ వెలుతురుకు పట్టి చూసి ఇరవై నాలుగు ఏరింది. "ఇది వారం పుండు, ఇది వద్దు. ఇది మానిన మచ్చ, ఇది తీసుకోండి," అంటుంటే నాగమణి పొట్ట పట్టుకుని నవ్వింది.

వాటిని స్కాన్ చేసి ఒక్కో బొమ్మ మీద మల్టిప్లైలో పెట్టి, అంచులు బ్రష్‌తో కలిపాను. మచ్చ ఎక్కడ ముదురుతుందో, చెంప వంపులో ఎలా సన్నబడుతుందో నాకు చూసుకునే పని లేకపోయింది. అన్ని వేల మచ్చలు తీసిన చెయ్యి పెట్టడం కూడా నేర్చుకునే ఉంది. చివరి బొమ్మ నాలుగూ ఇరవైకి పూర్తయింది. ఈసారి తెర చూడగానే నాగమణి, "ఒసే కాంతం!" అని అరిచింది.

ఆరింటికి మా గదిలోనే కూర్చుని చూశాం. మొదటి పేరమ్మ పొగలోంచి పలకరించింది. రెండో పేరమ్మ చీర అంచులోంచి, మూడో పేరమ్మ వలలోంచి. అందరూ రాసింది ఒకే మాట, మా వంటమనిషిని మాకు ఉంచండి అని. తెర మీద మాట్లాడుతున్న దర్శకుడు మధ్యలో ఆగి, కళ్లజోడు పైకి తోసుకుని, "ఏంటండీ ఇది, మీ అందరిళ్లలోనూ పేరమ్మే వంట చేస్తుందా?" అన్నాడు. పక్కనున్నవాళ్లు నవ్వారు. అతనైతే ఒక్కో బొమ్మనూ దగ్గరగా పెట్టుకుని చూశాడు.

మంగళవారం కాంతం నాకు ఫోన్ చేసింది. కాశీకి వెళ్లేది పేరమ్మ కాదు, ఆ ఇంటి పెద్ద కోడలట. "ఇంకొకటండీ. ఇకమీదట చెంప జోలికి వెళ్లొద్దని మేకప్పతనికి చెప్పారు. ఈ వేషంలో ఇప్పుడు నా ముఖం నాదేనండి," అంది.

ఆ రోజు నుంచి నా దగ్గర రెండు నియమాలు మారాయి. ఏ ఫైలునూ ఫ్లాటెన్ చేయను. ముఖం మీద బ్రష్ పెట్టే ముందు, ఇది ఉంచాలా, తీయాలా అని ఆ మనిషిని అడుగుతాను. ఉంచమనేవాళ్లు ఎందరుంటారో నేను ఊహించలేదు. గత నెలలో పదకొండు మందిని అడిగితే ఏడుగురు ఉంచమన్నారు.

ఈ పనిలో పోయినవి: లేయర్లతో ఉన్న ఫైళ్లు ఇరవై నాలుగు. బ్రోమైడ్ పేపరు పన్నెండు షీట్లు, అంటే ఉన్నదంతా. ఇత్తడి పళ్లెం జారి స్కానర్ అద్దం మీద పడ్డ గీతలు రెండు. మాడిన మూకుడు ఒకటి. ఇంతకు ముందు నలభై ఏడేళ్లలో ఎవరినీ అడగకుండా నేను తుడిచేసిన మచ్చలు ఎన్నో, ఆ లెక్క నా డైరీలో లేదు.