మూడు గ్లాసుల సారు

మా నర్సంపేట దిక్కు నీళ్ల పొదుపు చెప్పనీకి వచ్చే సారు నోరు ఒక్క మాటతో మూయించిన మొనగాణ్ణి నేను. మంచినీళ్లిస్తే ఆయన ముందు తాగడు, మూడు గ్లాసుల్లో పంచేటోడు. "తాతా, మన దేశంల పొలానికి నిండుగ, ఫ్యాక్టరీకి జర, ఇంటికి జర. అదే యూరప్‌ల అయితే ఫ్యాక్టరీదే పెద్ద వాటా" అని, ఇంటి గ్లాసులోని గుక్కెడే తాగేటోడు.

ఆ ఎండకాలం మా బోరు సన్నగా పోస్తాంది. వరికి పెడితే ఇంట్ల బిందె నిండది. "మరి మా ముసల్ది ఏం తాగాలె సారూ?" అన్న. సారు పొలం గ్లాసెత్తి మా ఆమెకిచ్చిండు.

సరే, ఒప్పుకుంటా. అడిగింది మా ఆమే. నేను వరి పక్షం.

ఇది చదివి వినిపిస్తే ఆమె అన్నది: "అడిగి ఊకున్ననా? పైపు మడిలకెల్లి గుంజి బిందెల పెట్టిన. నువ్వు అలిగి పండుకున్నవు. అది రాయి."