ఓర్చుకోమని చెప్పిన మనిషి

సత్యశ్రీ కువైట్ వచ్చి పదకొండేళ్ళు. రాజోలు దగ్గర ఒక లంక గ్రామం ఆమెది. భర్త పోయిన ఏడాదికే వచ్చి, అర్దియాలో ఒక పసిపిల్లల బడిలో ఆయాగా కుదిరింది. పిల్లల్ని బస్సులోంచి దించుకోవడం, ముక్కులు తుడవడం, తడిపిన బట్టలు మార్చడం పని. బడిలో ఆమెను ఎవరూ పేరు పెట్టి పిలవరు. శుక్రవారం మాత్రం, నగరంలోని చర్చి ఆవరణలో తెలుగువాళ్ళకు రెండు గంటలు ఇచ్చే గదిలో, ఆమె అందరికీ సత్యక్క.

పాస్టరుగారు వీసా మళ్ళీ దొరకక ఇండియా వెళ్ళిపోయారు. మగవాళ్ళ బాధ్యత సబ్‌హాన్‌లో గోడౌను సూపర్‌వైజరుగా పనిచేసే శ్రీనివాసులు తీసుకున్నాడు. ఆడవాళ్ళ బాధ్యత ఎవరూ ఇవ్వకుండానే సత్యశ్రీ మీద పడింది. ఇళ్ళలో పనిచేసే ఆడవాళ్ళలో చాలామందికి సెలవుండదు, గుమ్మం దాటనివ్వరు. వాళ్ళు ఫోన్లు చేసేవారు. చెత్త పారేయడానికి వచ్చినప్పుడో, మేడ మీద బట్టలు ఆరేసేటప్పుడో రెండు నిమిషాలు దొరికేది. ఆ రెండు నిమిషాల్లో సత్యశ్రీ వాళ్ళ ఏడుపు విని, ఒక వాక్యం చదివి, ప్రార్థన చేసి పెట్టేసేది. అలా ఇరవైమంది దాకా ఉండేవారు. వాళ్ళలో సగం మంది క్రైస్తవులు కారు. తమ భాషలో మాట్లాడే గొంతు కావాలి వాళ్ళకి, అంతే.

చంద్రిక అలాంటి మనిషే. రాయచోటి వైపు పల్లె. ఇరవై నాలుగేళ్ళు. ఇంటి యజమానురాలు, అంటే వాళ్ళు మామా అని పిలిచే ఆవిడ, మొదటి నెలలోనే చెయ్యి చేసుకుంది. మూడో నెలలో ఇస్త్రీపెట్టె మోచేతికి ఆనించింది.

"అక్కా, నాకు చాతకాలేదు. పొద్దన అన్నం పెట్టల్యా. బయటికి పోయేటప్పుడు బీగం ఏసి పోతాండాది," అని చెప్పింది చంద్రిక.

"ఓర్చుకో తల్లీ. రెండేళ్ళు కళ్ళు మూసుకుంటే గడిచిపోతాయి. దేవుడు చూస్తున్నాడు. నేను రోజూ ప్రార్థన చేస్తున్నాను నీ కోసం," అంది సత్యశ్రీ.

ఆ మాట నాలుగుసార్లు చెప్పింది. తనకు చెప్పినవాళ్ళు అలాగే చెప్పారు. మొగుడు తాగొచ్చి కొట్టినప్పుడు ఊళ్ళో పాస్టరుగారి భార్య చెప్పింది కూడా అదే. దానికి మించిన మాట ఉంటుందని ఆమెకు ఎప్పుడూ తోచలేదు.

తర్వాత ఎనిమిది రోజులు ఫోను రాలేదు. తొమ్మిదో రోజు ఒక ఆసుపత్రి నుంచి మలయాళీ నర్సు చేసింది. "మీరు సత్యక్కా? ఇక్కడ ఒక తెలుగు అమ్మాయి ఉంది. ఎవరితోనూ మాట్లాడటం లేదు. ఈ నంబరు ఒక్కటే చెప్తోంది," అంది హిందీలో.

చంద్రిక వంటగది కిటికీలోంచి దుప్పట్లు ముడివేసుకుని దిగబోయింది. ముడి జారింది. రెండంతస్తుల ఎత్తు. నడుము దగ్గర వెన్నెముక విరిగింది, ఎడమ కాలు రెండుచోట్ల విరిగింది. సత్యశ్రీ వెళ్ళేసరికి మెడ దాకా దుప్పటి కప్పి ఉంది. మొహం బాగానే ఉంది. అదే చూడలేకపోయింది సత్యశ్రీ.

"చంద్రికమ్మా," అని చెయ్యి పట్టుకోబోయింది.

చంద్రిక చెయ్యి తీసేసుకుంది. కేకలు వెయ్యలేదు. నెమ్మదిగా అంది. "నువ్వు చెప్పినట్టే ఓర్చుకుంటి గదక్కా."

సత్యశ్రీ వార్డులోంచి బయటికి వచ్చి మెట్ల దగ్గర కూర్చుండిపోయింది. లోపలికి మళ్ళీ వెళ్ళలేదు.

ఆ శుక్రవారం శ్రీనివాసులుతో చెప్పేసింది. "అన్నా, ఇంక నావల్ల కాదండి. ఆడవాళ్ళని ఇంకెవరికైనా అప్పజెప్పండి."

"పరిచర్యలో శ్రమలు వస్తాయి సిస్టర్. ఇది నీకు శోధన. నిలబడాల," అన్నాడాయన. మంచి మనసుతోనే అన్నాడు.

"శోధన నాకు కాదన్నా. నేను బడికెళ్ళొచ్చి అన్నం తింటున్నాను. మంచం మీదున్నది ఆ పిల్ల," అని వచ్చేసింది.

ఫోను ఆపేసి పెట్టె అడుగున పడేసింది. మూడు శుక్రవారాలు చర్చికి వెళ్ళలేదు. బడిలో పిల్లల్ని ఎత్తుకుని దించుతూ, గదికి వచ్చి గోడవైపు తిరిగి పడుకుంటూ గడిపింది. ప్రార్థనకు మోకరిస్తే నోట మాట వచ్చేది కాదు. ఎవరి కోసమైనా ప్రార్థించాలనుకున్న ప్రతిసారీ తన గొంతే తనకు వినపడేది, ఓర్చుకో తల్లీ అంటూ. దేవుడి పేరు చెప్పి తను ఒక పిల్లని తలుపు వెనక కూర్చోబెట్టింది. ఇంక ఆ పేరు ఎత్తే అర్హత లేదనుకుంది.

ఆ గదిలో ఆమెతోపాటు ఉండేది నాగేశ్వరి. అమలాపురం మనిషి, అబాయాలు, అంటే బురఖాలు, కుట్టే దుకాణంలో దర్జీ. సత్యశ్రీ కంటే ఆరేళ్ళు పెద్ద. ఆమె మంచం తలవైపు వెంకటేశ్వరస్వామి పటం, అగరొత్తుల పెట్టె. ఏడేళ్ళుగా ఒకే గదిలో ఉన్నా ఒకరి దేవుడి గురించి ఒకరు మాట్లాడుకోలేదు.

మూడో శుక్రవారం సాయంత్రం నాగేశ్వరి స్టీలు క్యారేజీ చేతిలో పట్టుకుని గదిలోకి వచ్చింది. గిన్నెలు కడగడానికి పెట్టి, సత్యశ్రీ మంచం అంచున కూచుంది.

"ఆసుపత్రికెళ్ళొచ్చానే," అంది.

"ఎవరికక్కా?"

"నీ చంద్రిక దగ్గరికి. ఇది మూడోసారి. నువ్వు ఏడ్చుకుంటా చెప్పావు కదా ఏ ఆసుపత్రో. చారన్నం అట్టుకెళ్ళాను. అక్కడి తిండి సయించట్లేదంట."

సత్యశ్రీ లేచి కూచుంది.

"చూడు సత్యా," అంది నాగేశ్వరి, "నువ్వు ఆ పిల్లకి చెప్పింది తప్పే. కాదని నేను అనను. తప్పు చేశావని ఇలా పడుకుంటే ఆ పిల్ల నడుం అతుక్కుంటాదా? నన్ను చూసి ఎవరని అడిగింది. నీ గదిలో ఉంటానని చెప్పాను. ఇవాళ అడిగింది, అక్క ఎందుకు రాలేదని. నేనేం చెప్పాలి? నువ్వే ఎల్లి చెప్పు."

ఆదివారం బడి అయ్యాక సత్యశ్రీ బస్సెక్కింది. దారిలో రెండుసార్లు దిగిపోదామనుకుంది.

చంద్రిక మేలుకునే ఉంది. సత్యశ్రీ మంచం పక్కన కూర్చుని అంది. "నాది తప్పమ్మా. బయటికి రమ్మని చెప్పాల్సింది నీకు. ఎంబసీకి ఫోన్ చెయ్యాల్సింది. నాకు భయం. పోలీసులు, పరారీ కేసు, నా ఇఖామా పోయి ఇండియాకు పంపేస్తారేమోనని... అన్నిటికీ భయపడి ప్రార్థన ఒక్కటే చేశాను."

"మూడు వారాలు యాడికి పోయినావు?"

"నీకు మొహం చూపించలేక..."

"నీ మీద కోపంగా ఉండాది నాకు," అంది చంద్రిక. "శానా కోపం. నువ్వు రాకపోతే ఆ కోపం పెట్టుకునేకి గూడా మనిషి లేకపాయ. ఆ గోడకు చెప్పుకోవాల్నా?"

సత్యశ్రీ కళ్ళు తుడుచుకుంది.

"రా. రోజూ రావాల్సిన పన్ల్యా, అప్పుడప్పుడన్నా రా," అంది చంద్రిక. "చదువుతావే ఫోన్లో, అట్లాంటిది ఏమన్నా చదువు. ఓర్చుకోమనేది మాత్రం వద్దు."

సత్యశ్రీ సంచిలోంచి బైబిలు తీసింది. పేజీలు తిప్పుతూ చాలాసేపు వెతికింది. దేవుడి మీద అలిగి, మమ్మల్ని ఎందుకు వదిలేశావని నిలదీసే కీర్తన ఒకటి దొరికింది. అది ఆమె ఎప్పుడూ పైకి చదవలేదు. అలాంటివి జనానికి చదవకూడదని అనుకునేది. ఆ రోజు చదివింది.

"ఇట్ల గూడా రాసినారా అందులో?" అని అడిగింది చంద్రిక.

"రాశారమ్మా."

తర్వాతి శుక్రవారం సత్యశ్రీ చర్చికి వెళ్ళి ఆడవాళ్ళందరి ముందు జరిగింది చెప్పింది. పేరు దాచి, తన తప్పు దాచకుండా చెప్పింది. ఇంటి లోపల కొడుతుంటే ఓర్చుకోవడం భక్తి కాదంది. ఎంబసీ నంబరు, అక్కడ ఆడవాళ్ళకు ఆశ్రయమిచ్చే చోటి దారి రాసిన కాగితాలు పంచింది. గదిలో గుసగుసలు. అల్లరై ఆ గది కూడా పోతుందేమోనని కొందరికి భయం. శ్రీనివాసులు ఆమెను పక్కకు పిలిచి, "వీసా ఇచ్చిన కఫీళ్ళతో పెట్టుకుంటే మనమంతా పోతాం సిస్టర్," అన్నాడు. ఆయన భయం అబద్ధమేమీ కాదు. ఆ నెలలో ఆడవాళ్ళ కూడిక పదిహేనుమంది నుంచి ఆరుగురికి పడిపోయింది.

సత్యశ్రీ ఆరుగురితోనే కూర్చుంది. ఫోను మళ్ళీ తెరిచింది.

రెండు నెలలకు సిద్ధమ్మ అనే ఆమె ఫోను చేసింది. ఆమెది గాలివీడు; ఇంటి యజమానిని వాళ్ళు బాబా అంటారు. "అక్కా, బాబా కొడుకు నా గదిలోకి వస్తాండాడు. నాకు భయమయితాంది. ప్రార్థన చెయ్యి," అంది.

"చేస్తాను. ముందు చెప్పు, తలుపు తీసే ఉందా?" అంది సత్యశ్రీ.

"ఇప్పుడు తీసే ఉండాది. అందరూ జమ్మియాకు సరుకులు తెచ్చేకి పోయినారు."

"చెప్పులేసుకుని బయటికొచ్చేయ్. సామాన్లొద్దు. మీ వీధి చివర మసీదు పక్కన నిలబడు. నేను టాక్సీలో వస్తున్నాను."

టాక్సీ పిలిచింది. నాగేశ్వరి కుట్టు మధ్యలో ఆపి వెంట వచ్చింది. మసీదు పక్కన సిద్ధమ్మను ఎక్కించుకుని ముగ్గురూ వెనక సీట్లో ఎంబసీకి వెళ్ళారు. గేటు దగ్గర సిద్ధమ్మ లోపలికి వెళ్ళేముందు సత్యశ్రీ చెయ్యి గట్టిగా పట్టుకుని వదిలింది. నలభై రోజుల తర్వాత సొంతూరికి చేరింది.

చంద్రిక ప్రయాణానికి అయిదు నెలలు పట్టింది. కఫీల్ సంతకం, పరారీ అని పెట్టిన పోలీసు కేసు కొట్టివేత, ఒక్కొక్కటే తేలాలి. చక్రాల కుర్చీలో విమానమెక్కింది. ఇక నడవదని డాక్టర్లు చెప్పారు. విమానాశ్రయంలో సత్యశ్రీ మోకాళ్ళ మీద కూర్చుని ఆమె పాదాలకు మేజోళ్ళు తొడిగింది. తనను క్షమించావా అని అడగలేదు. చంద్రిక ఆ మాట ఎత్తలేదు.

సత్యశ్రీ బడిలో పని చేస్తూనే ఉంది. రాత్రుళ్ళు ఇప్పటికీ సరిగా నిద్ర పట్టదని నాగేశ్వరి అంటుంది. శుక్రవారం ఆరుగురు కాస్తా తొమ్మిదిమందయ్యారు. కూడిక ముగిశాక ఆమె బస్సు పట్టుకుని ఆసుపత్రికి వెళ్తుంది. వార్డుల్లో తెలుగు మాట వినపడితే ఆ మంచం దగ్గర స్టూలు లాక్కుని కూర్చుంటుంది. ముందు ఏమీ చెప్పదు. ఏం జరిగిందో చెప్పమని అడిగి, వాళ్ళు చెప్పడం అయ్యేదాకా వింటుంది.