పలకని స్పీకరు పెట్టె

మా అక్క భర్తదీ నాదీ ఉదయగిరి దగ్గర ఒకే ఊరు, ఒకే చర్చి. వాక్యం చెప్పేది నేను, పాటలు పాడేది బావ. ఎవరింట్లో సాయంత్రం ప్రార్థన పెట్టుకున్నా, నన్ను పిలవడానికి వచ్చినవాళ్లు ముందు అడిగేది, "మీ బావ వస్తాడు గదా?" అనే. ఆ మాట విన్నప్పుడల్లా నాకు కడుపులో మంట. మైకు లేకుండానే వీధి చివరిదాకా వినిపించే గొంతు ఆయనది. నాది నాలుగు వరసలు దాటదు.

అందుకే ఆత్మకూరు వెళ్లి చార్జింగ్ స్పీకరు కొన్నాను. ప్రార్థనల కోసమని అందరికీ చెప్పాను. బావను మించాలన్న సంగతి నాలోనే దాచుకున్నాను. దానిమీద కప్పడానికి మా ఆవిడ పాత దుప్పటి తెస్తే, కొత్తది తీయించాను. పిల్లల్ని తాకనివ్వలేదు.

ఆ వారం ప్రార్థన కొండ కింద, మంచం పట్టిన ఒక అవ్వ ఇంట్లో. నేను ఎంచుకున్న వాక్యం బైబిలు పాత నిబంధనలోది. బబులోనువాళ్ల విగ్రహాలను అలసిన పశువుల మీద ఎక్కించుకుపోతారు. మోసేవాళ్లను కాపాడలేక, అవి వాళ్లకే బరువవుతాయి. ఈ మాటలు ఎప్పుడు చెప్పినా నా వేలు ఇతరుల వైపే చూపించేది. అవే చెప్పడానికి ఆ రోజు పెట్టెను నెత్తిన పెట్టుకుని, ఆటో పోని రాళ్లదారిలో చెమటలు కక్కుతూ నడిచాను. పక్కనే బావ, ఒట్టి చేతులతో.

"ఇటియ్యి బామ్మర్దీ, కాసేపు నేను మోస్తా."

"అక్కర్లా," అన్నాను.

ఇంట్లో స్విచ్చి నొక్కితే ఎర్రలైటు ఒకసారి వెలిగి ఆరిపోయింది. బావ ఉండే వీధికి వినపడాలని మధ్యాహ్నమంతా పాటలు మోగించి, చార్జింగ్ అంతా అవగొట్టింది నేనే. పెట్టెను అరచేత్తో రెండు దెబ్బలు వేశాను.

మంచం మీద నుంచి అవ్వ తల తిప్పి చూసింది. "ఏందిరా, దీనికింత నోరుండాది, పలకదే? మోసుకొచ్చినోడివి నువ్వు, తన్నులు దానికా?"

అందరూ నవ్వారు. బావ నవ్వలేదు.

"నువ్వన్నా ఒక పాట ఎత్తుకో నాయనా," అని అవ్వ ఆయన్ను అడిగింది. ఆయన పాడకుండా నా వైపు చూశాడు. నేను తల ఊపితే చాలు. ఊపలేదు. విగ్రహాలను చేసుకునేవాళ్లు వాటిలాగే అవుతారని కీర్తనల్లోంచి ఎన్నిసార్లు చదివి వినిపించానో. ఆ గదిలో నోరుండీ పలకనిది పెట్టె ఒక్కటే కాదు.

చివరికి అవ్వే వణికే గొంతుతో పాట మొదలుపెట్టి, ఊపిరందక మధ్యలో ఆగిపోయింది. అప్పటికి గాని నా నోరు పెగల్లేదు.

"అందుకో బావా."

తిరుగుదారిలో, అడక్కుండానే పెట్టె ఆయన నెత్తికెక్కింది. ఆ బరువుతో అంత సులువుగా నడుస్తుంటే చూసి, దానిక్కూడా అసూయపడ్డాను.

"వచ్చే వారం దీన్ని తేను బావా."

"మరి నీ మాట వెనకోళ్లకు ఎట్టా వినపడతాది?"

"దగ్గరకొచ్చి కూర్చోమంటా. నువ్వూ ముందుకొచ్చి కూర్చో."

"నేనెప్పుడూ ముందే కూర్చుంటా. నువ్వే నా దిక్కు చూడవు."