గేలం మింగిన కుక్కా, మావాళ్ల వైద్యమూ

ఆదివారం మధ్యాహ్నం, సరిగ్గా భోజనాల వేళకి మా కుక్క గేలం మింగింది. మా బావ, అంటే అక్క మొగుడు, ఎర గుచ్చి అరుగు మీద పెట్టిన గేలాన్ని చేప ముక్కతో సహా మింగేసి, నోట్లోంచి నైలాన్ దారం వేలాడేసుకుని నా ముందుకొచ్చి నిలబడింది. చొంగ కారుతోంది. మెడ చాచి మింగలేక మింగుతోంది.

సముద్రం ఒడ్డున పుట్టినవాళ్లకి గేలం గురించి ఎవరూ చెప్పక్కర్లేదు. అదే వచ్చిన చిక్కు. మా వీధిలో గేలం తియ్యడం రాని మనిషి లేడు. కానీ ఇన్నాళ్లూ తీసిందంతా చేప నోట్లోంచే. తీశాక చేప బతకాలన్న పట్టింపు ఎవరికుంటుంది?

"దవడ అట్టుకోరా, ఒక్క లాగు లాగేత్తాను" అంటూ బావ దారాన్ని చేతికి చుట్టుకున్నాడు.

"గొంతు చీలిపోద్ది, వదులు!" అని ఆయన చేతిలోంచి దారం విడిపించాను.

"ఏటి సీలేది? రోజూ ఎన్ని తీత్తన్నాను నాను!"

గోపాలపట్నంలో ఉండే పశువుల డాక్టరుకి ఫోన్ చేసి, అందరూ వినాలని స్పీకర్ పెట్టాను. "లాగొద్దు, దారం కొయ్యొద్దు, కక్కించొద్దు, ఏమీ తినిపించొద్దు. దారం కొసని మెడపట్టీకి వదులుగా కట్టి వెంటనే తీసుకురండి" అన్నాడాయన. చెవిటివాడి ముందు శంఖం ఊదినట్టే అయింది. "సూడకుండానే సెప్పీసినాడేటి?" అని బావ మూతి తిప్పాడు.

దారం కట్టి, కుక్కని అమ్మకి అప్పగించి, ఆటో కోసం రోడ్డు మీదికెళ్లాను. కుక్క అనగానే ప్రతివాడూ ముందుకి పోనిచ్చాడు. ఒకణ్ణి ఒప్పించేసరికి తల ప్రాణం తోకకొచ్చింది.

అమ్మా నేనూ కుక్కని ఆస్పత్రికి చేర్చాక తీసిన ఎక్స్‌రేలో గేలం గొంతు కిందే కనిపించింది. "మత్తిచ్చి తీస్తాను. ఏమీ తినలేదు కదా?" అన్నాడు డాక్టరు.

"లేదండీ" అన్నాను ధీమాగా.

"రెండు ముద్దలెట్టినాను బాబూ" అంది అమ్మ, నా వెనకనుంచి. "ముల్లు దిగిపోద్దని."

మా ఇళ్లలో చేపముల్లు గొంతులో గుచ్చుకుంటే నమలకుండా అన్నం ముద్ద మింగిస్తారు. ఆవిడ దృష్టిలో గేలమూ ముల్లే. కడుపులో తిండి ఉండగా మత్తిస్తే, కక్కిన అన్నం ఊపిరితిత్తుల్లోకి పోయి కుక్క చచ్చిపోవచ్చని డాక్టరు చెప్పాడు. సాయంత్రం దాకా ఆగమన్నాడు. ఆ గేలంతో అది మూలుగుతుంటే, నేను అందరి ముందూ అమ్మ మీద అరిచేశాను. ఆవిడ కొంగుతో కుక్క చొంగ తుడుస్తూ కూర్చుంది. అదీ కోపమే తెప్పించింది నాకు.

చివరికి గేలం బయటికొచ్చింది. కుక్క బతికింది. "రేపు పొద్దున్న దాకా పచ్చి మంచినీళ్లు కూడా వద్దు" అన్నాడు డాక్టరు, ఈసారి నన్ను కాకుండా అమ్మని చూస్తూ.

ఇంటికి రాగానే వంటింటి గుమ్మంలో కాపలా కూర్చున్నాను. గిన్నెలు చూస్తే, కుక్కకి పెట్టిన రెండు ముద్దలు తప్ప మధ్యాహ్నం వండినవి వండినట్టే ఉన్నాయి. అమ్మ పొద్దుటినుంచీ ఏమీ తినలేదు.

"నువ్వైనా తినవే!" అని కసిరాను.

"దాన్ని పస్తెట్టీసి నానెలా తింటానురా?" అంది, మత్తుగా పడుకున్న కుక్క వీపు నిమురుతూ.

కుక్కకి తిండి పెట్టకుండా ఎలాగోలా ఆపగలిగాను. ఆవిడ చేత తినిపించడం మాత్రం నా వల్ల కాలేదు.