గడియ లేని తలుపు

కెనడా పడమటి కొసన, సర్రీలో మా ఇంటి దగ్గరి లైబ్రరీ వాళ్లమీద నాకొక చిన్న ఫిర్యాదు ఉంది. పిల్లల విభాగంలో కుర్చీలు నా మోకాలెత్తు కూడా ఉండవు. శనివారం పొద్దున కథల గంటకి పిల్లలతోపాటు పెద్దలు రావాలంటారు, వచ్చినవాళ్లు కూర్చోవాలంటారు, కూర్చున్నవాళ్లు తిరిగి ఎలా లేవాలో మాత్రం ఎక్కడా రాసి పెట్టరు. మొన్న శనివారం కూడా నేను మోకాళ్లు గడ్డానికి ఆనించుకుని, తిమ్మిరెక్కిన కాలిని రెండో కాలితో ఓదారుస్తూ కూర్చుని ఉండగా, లైబ్రేరియన్ అమ్మాయి కొత్తగా వచ్చిన పుస్తకం ఒకటి ఎత్తి చూపించింది. అట్టమీద ఒక పీత. దాని నెత్తిన ఒక తలుపు. ‘డాడీ, క్రాబ్‌కి డోర్ ఉంది!’ అని మా అమ్మాయి అరిచింది. అందరూ నవ్వారు. నేను నవ్వలేదు. తిమ్మిరి వల్ల అనుకుని ఉంటారు.

ఆ పీతను నేనెరుగుదును. అది కాకినాడ జగన్నాథపురంలో ఒక అద్దె ఇంట్లో, మా అక్క నోట పుట్టింది. అట్టమీద ఉన్న పేరు మాత్రం ఒక డచ్చి ముసలావిడది.

నేను చదువుకోవడానికి ఇదే దేశంలో తూర్పువైపున్న గ్వెల్ఫ్ వెళ్లిన ఏడు, మన దేశంలో విమానం ఎక్కగలిగిన కుర్రాళ్లందరూ ఆ ఊరికే వచ్చారేమోననిపించింది. బేస్‌మెంట్లు నిండిపోయాయి. హాల్లో దుప్పటి అడ్డం కట్టి దాన్ని గది అన్నారు. కాఫీ షాపులో ఒక్క ఉద్యోగం ఖాళీ ఉందని తెలిసి రెజ్యూమేలు పట్టుకుని వీధి మలుపు దాకా నిలబడ్డాం. ఆ చలికి లైనులో ఉన్నవాళ్లం తాగిన కాఫీలతో ఆ షాపు బాగుపడింది. మొదట్లో కొన్నాళ్లు వరంగల్ స్నేహితుడొకడి గదిలో, బట్టలు పెట్టుకునే అలమరలో పడుకున్నాను. దానికి తలుపుండేది. మిగతావాళ్లకి అది కూడా లేదు కాబట్టి నన్ను కొంచెం ఉన్నవాడి కిందే లెక్కేసేవారు.

అలాంటి రోజుల్లో డచ్చి మామ్మగారి ఇంటి కింది గది దొరికింది. ఆవిడ భర్త పాడి పశువుల డాక్టరు, ఉద్యోగం మీద ఆ ఊరొచ్చి అక్కడే పోయాడు. ‘ఇంట్లో అడుగుల చప్పుడు వినిపిస్తూ ఉండాలి, అందుకే గది ఇస్తున్నా’ అంది. కింద నడిచేవాడి అడుగుల చప్పుడు పైకి వినిపించదని నేను చెప్పలేదు. గది అవసరం నాది. తనని ఒమా అని పిలవమంది. వాళ్ల భాషలో మామ్మ అనే అర్థం. మొదటి రోజు కాఫీ ఇచ్చి, బిస్కెట్ల డబ్బా మూత తీసి నా ముందు పెట్టింది. మన మర్యాద ప్రకారం నేను ‘వద్దండీ’ అన్నాను. ఆవిడ తనకొకటి తీసుకుని మూత పెట్టేసింది. మూడుసార్లు వద్దని నాలుగోసారి తినే దేశం నుంచి వచ్చినవాడికి అది చిన్న దెబ్బ కాదు. రెండో వారం నుంచి మూత లేవకముందే చెయ్యి చాపడం నేర్చుకున్నాను.

ఆవిడ పిల్లల పుస్తకాల రచయిత్రి అని అలమరలో పుస్తకాల అట్టలమీద వరసగా నిలబడ్డ బాతుల వల్ల తెలిసింది. ఈత రాని బాతు ఒకటి బూట్లేసుకుని ఊళ్లు తిరుగుతుంది, అదీ కథ. ఒకప్పుడు వాళ్ల దేశంలో ఆ బాతు బొమ్మ లేని పిల్లల గది ఉండేది కాదట. ఇది ఆవిడే చెప్పింది కాబట్టి కొంచెం తగ్గించుకున్నా, బాగానే పేరున్నట్టు లెక్క. ఆవిడ తండ్రి కాలువ మీద వంతెన కాపరి. పడవ వస్తే వంతెన ఎత్తాలి, వెళ్లాక దించాలి. ఆ కాసేపూ ఇటువైపు ఆగిపోయిన పిల్లలకి, వంతెన కాపరి కూతురిగా మరో పని లేక, ఈవిడ కథలు చెప్పేది. ‘వంతెన దిగేలోపు కథ ముగియాలి. ముగియకపోతే పిల్లలు సగం కథతో వెళ్లిపోతారు. అంతకన్నా పాపం లేదు’ అనేది. అందుకే ఆవిడ కథలన్నీ పొట్టివి, అన్నిటికీ గట్టి ముగింపులు. పెళ్లయి కెనడా వచ్చాక కూడా డచ్చిలోనే రాసి ఆ దేశానికి పంపేది. కొన్నేళ్లకి బాతు పాతబడింది. పాత ఎడిటరు రిటైరయ్యాడు. కొత్తగా వచ్చిన అమ్మాయి చిన్నప్పుడు ఆ బాతు పుస్తకాలే చదువుకుని పెరిగానని ఎంతో ప్రేమగా చెప్పి, అంతే ప్రేమగా రాతప్రతులు తిప్పి పంపింది. నేను వెళ్లేనాటికి ఆవిడ పుస్తకం వచ్చి చాలా ఏళ్లయింది.

అయినా రాయడం మానలేదు. రాసింది పైకి చదివి ఎవరికైనా వినిపిస్తే తప్ప ఆవిడకి తృప్తి లేదు. భర్త ఉన్నన్నాళ్లు ఆయన విన్నాడు. ఆయన పోయాక కిటికీ పక్క కుర్చీ ఖాళీ అయింది. ఒక శనివారం నన్ను అందులో కూర్చోబెట్టింది. ‘నాకు డచ్చి రాదు ఒమా’ అన్నాను. ‘మా ఆయనకి కథలు రావు. అయినా కూర్చున్నాడు’ అంది.

ఆవిడ చదవడం మొదలుపెట్టింది. వాక్యం ఆగినచోట నా ప్రమేయం లేకుండా నా నోట్లోంచి ‘ఊ’ అని వచ్చింది. ఆవిడ కళ్లజోడు దించి చూసింది. కథ చెబుతుంటే మా వైపు ఎవరో ఒకరు ఊ కొట్టాలనీ, కొట్టకపోతే కథ ముందుకి నడవదనీ, పిల్లవాడు నిద్రపోయాడో లేదో తెలిసేది కూడా దానివల్లేననీ చెప్పాను. ఆవిడకి అది ఎంత నచ్చిందంటే, ఆ రోజు డబ్బా మూత రెండోసారి తీసింది. అప్పటినుంచి శనివారాలు అదే మా పని. నా ఊ ఆలస్యమైన చోట ఆవిడ పెన్సిల్‌తో గీత గీసేది; ఆ వాక్యాన్ని మళ్లీ రాసేది. ఇండియా నుంచి అంత దూరం వచ్చి నేను చేసిన పనుల్లో కెనడావాళ్లకి నిజంగా ఉపయోగపడింది అదొక్కటే అనుకుంటాను.

ఆ ఊ నాకు నేర్పింది మా అక్క. అమ్మ మిషన్ ఆసుపత్రిలో నర్సు, సాయంత్రం డ్యూటీ. నాకన్నా పదేళ్లు పెద్దదైన అక్కే నాకు అన్నం పెట్టేది. ముద్దకొక ఇల్లు చొప్పున పీత కథ చెప్పేది. ఆ పీతకి ఇల్లు లేదు, తలుపు మాత్రం ఉంది. దాన్ని నెత్తిన పెట్టుకుని, ‘నా తలుపుకి సరిపోయే ఇల్లుందా అండీ?’ అని అందర్నీ అడుగుతూ పోతుంది. నత్త ఇల్లు ఇరుకు, పిచ్చుక ఇల్లు ఎత్తు, కప్పకి ఇల్లే వద్దు. పైగా ఆ తలుపుకి గడియ లేదు, అందుకని పీత ఏ ఇంట్లో దూరి చూసినా, లోపలున్నట్టు బయటికి తెలిసేలా గట్టిగా పాడుతూ ఉండాలి. ఇది మా స్నానాల గది సంగతి. గడియ ఊడిన తలుపును ఇంటాయన ఎప్పటికీ బాగుచేయించలేదు. లోపల అక్క ఉంటే చర్చి పాటలు, నేనుంటే సినిమా పాటలు. కంచం ఖాళీ అవగానే ‘మిగతాది రేపు’ అనేది అక్క. ఆ రేపు ఏళ్ల తరబడి సాగింది గాని పీతకి ఇల్లు దొరకలేదు.

అక్క తర్వాత ఇన్సూరెన్సు ఆఫీసులో చేరింది. నా ఫీజులూ, నా టిక్కెట్టూ అన్నీ అక్కే. దానికంటూ ఆ పీత ఒక్కటే ఉంది. ఎప్పటికైనా దాన్ని పుస్తకంగా వేయించి, అట్టమీద అక్క పేరుతో దాని చేతిలో పెట్టాలని నా కోరిక. ఆ కోరికతోనే ఒక శనివారం ఒమాకి కథంతా చెప్పాను. రచయిత్రి కదా, దారి చూపిస్తుందనుకున్నాను. ఆవిడ ఊ కొట్టలేదు. కిటికీలోంచి బయటికి చూస్తూ వింది. ‘ముగింపు?’ అని మాత్రం అడిగింది. ‘లేదు ఒమా’ అన్నాను. డబ్బా మూత పెట్టేసింది.

ఆ చలికాలమంతా ఆవిడ కొత్త కథ చదివి వినిపించింది. గొంతులో పూర్వం లేని హుషారు. నేను ఊ అన్నాను. గీతలు తగ్గుతూ వచ్చాయి. తర్వాత తెలిసింది, డచ్చిలో కూడా పీతని క్రాబ్ అనే అంటారట. తలుపు మాట కూడా ఇంగ్లిషుకి దగ్గరదే. నా చెవిన పడే ఉంటాయి. కాని ఊ కొట్టడానికి అలవాటు పడ్డవాడు మాటలు వినడు, గొంతు వింటాడు. అక్క దగ్గర కూడా అంతే.

మరుసటి ఏడు ఒక పార్శిలు వచ్చింది. ఆవిడే కత్తెరతో కోసి, పై పుస్తకం నా చేతికిచ్చింది. పీత, నెత్తిన తలుపు. లోపలి బొమ్మలో పీత నోరు తెరిచి పాడుతోంది. గడియ ఉండాల్సిన చోట చిన్న రంధ్రం. మా స్నానాల గదిలోది ఇంకొంచెం పెద్దది. ఆఖరి బొమ్మలో పీత తలుపును నీళ్లమీద పరిచి, దానిమీదెక్కి కాలువలోంచి సముద్రంలోకి వెళ్లిపోతోంది. ముగింపు బాగుంది. అందుకే ఇంకా మండింది.

‘ఇది మా అక్క కథ’ అన్నాను.

‘ముగింపు లేనిది కథ కాదు. వీధిలో తిరిగే పిల్లి. అన్నం పెట్టినవాళ్ల ఇంటికి వస్తుంది.’

‘నాకొక్క మాటైనా చెప్పలేదు.’

‘చెప్పకపోవడమేమిటి? పేజీ పేజీ నీకే చదివాను. ఒక్కచోట కూడా నువ్వు ఆగలేదు.’

ఆవిడ ముఖంలో తప్పు చేసిన ఛాయ లేదు. ఉంటే నాకు కొంత సాయంగా ఉండేది. అంకితం పేజీ తీసి తనే ఇంగ్లిషులో చెప్పింది: ‘కింది గదిలోని అబ్బాయికి, విన్నందుకు.’ చెప్పినందుకు కాదు, విన్నందుకు. డచ్చివాళ్లు ఒకప్పుడు మా జగన్నాథపురం వచ్చి బట్టల వ్యాపారం చేసి వెళ్లారని బడిలో చదువుకున్నాం. కొన్ని వందల ఏళ్ల తర్వాత మిగిలిపోయిన సరుకేదో నేనే ఇల్లు వెతుక్కుంటూ వెళ్లి అందించి వచ్చాననిపించింది. ఆ నెలాఖరుకి గది ఖాళీ చేశాను. ఆవిడ గుమ్మం దాకా వచ్చి, బిస్కెట్ల డబ్బా మూత తీసి పట్టుకుంది. ‘వద్దండీ’ అన్నాను. ఆ ఒక్కసారీ ఆవిడ మూత పెట్టకుండా చాలాసేపు నిలబడింది.

ఇదంతా అక్కకి చెప్పలేదు. పోయింది దాని సొత్తు. ఆ సంగతి నా నోటితో చెప్పి దాన్ని ఏడిపించడం దేనికనుకున్నాను. ఈ సంగతి అక్క చెవిన పడకుండా ఉండాలి, ఎవరో ఒకరు ఆ కథ దానిదని ఒప్పుకోవాలి. ఈ రెండూ ఒకేసారి ఎలా జరుగుతాయో ఆలోచిస్తూ ఇన్నేళ్లు గడిపేశాను. ఈలోగా పుస్తకం ఇంగ్లిషులోకి వచ్చి, దేశం ఆ చివర నుంచి ఈ చివరకి నా వెనకాలే వచ్చింది.

మా అమ్మాయి దాన్ని ఇంటికి తీసుకెళ్తానని పట్టుబట్టింది. ఆ సాయంత్రం అక్కకి వీడియో కాల్ చేశాం. కాకినాడలో ఆదివారం పొద్దున. అక్క చర్చికి వెళ్లడానికి చీర కుచ్చిళ్లకి పిన్ను పెట్టుకుంటోంది. నేను ఆపేలోపు మా అమ్మాయి పుస్తకం ఫోన్ ముందు పెట్టి, ‘అత్తా, లుక్! క్రాబ్‌కి హౌస్ లేదు, ఓన్లీ డోర్!’ అని పేజీలు తిప్పడం మొదలుపెట్టింది. అక్క పిన్ను పట్టుకుని అలాగే ఆగింది. రెండో పేజీకి ‘ఊ’ అంది. నత్తకి ఊ అంది. పాటకి ఊ అంది. తలుపు నీళ్లమీదికి వెళ్లేదాకా తన కథకి తనే ఊ కొట్టింది.

ఇక దాచలేక అంతా చెప్పేశాను. అది నీదేననీ, ఆవిడ అడక్కుండా తీసేసుకుందనీ, నీ కథకి ముగింపు లేదు కదా, అదొక్కటి సొంతంగా కలిపి పేరు పెట్టేసుకుందనీ. కాలం పెద్ద న్యాయాధికారేమీ కాదు, వంతెన కాపరి లాంటిది. వచ్చిన పడవనల్లా దాటిస్తుంది. సరుకు ఎవరిదని అడగదు.

అక్క పిన్ను పెట్టుకోవడం ముగించి, ఫోనుకి దగ్గరగా వచ్చింది.

‘ముగింపు లేదని ఎవడు చెప్పాడ్రా? ఆఖరి ముద్ద అవగానే చెయ్యి కడుక్కుని పారిపోయేవాడివి. ఆ తర్వాత ఇన్నేళ్లలో ఒక్కసారైనా అడిగావా?’