ఖర్జూరపు తోటలో తీసిన ఫోటో

నా పేరు చెప్పను. ఆరేళ్ళుగా ఒక మాట గొంతులో ముల్లులా దిగబడి ఉంది. మింగుడుపడదు, బయటికీ రాదు. భార్యకు చెప్పలేదు. దేవుడికి చెప్పాను గానీ, "ఏదో పొరపాటు జరిగిపోయింది, క్షమించు స్వామీ" అని, ఎవరి పొరపాటో చెప్పకుండా. దేవుడి దగ్గర కూడా లౌక్యమే! మీరెవరో నాకు తెలియదు, నేనెవరో మీకు తెలియదు. అందుకే మీతో చెబుతున్నాను. ఓదార్చకండి.

రెండువేల ఇరవై జనవరి. దుబాయ్‌లో ఒక రియల్ ఎస్టేట్ కంపెనీకి ఫ్లాట్ల ఫోటోలు తీసేవాణ్ణి. తళతళలాడే కుళాయిలు, ఎవరూ పడుకోని మంచాలు, అదీ నా కళాసేవ. ఉండేది అజ్మాన్‌లో, షేరింగ్ గదిలో. పక్క మంచం ఖాజా భాయ్‌ది. కడప వైపు మనిషి, షార్జా ఇండస్ట్రియల్ ఏరియాలో ఒక గ్యారేజీలో కార్ల సొట్టలు తీసే పని. నాకంటే పదేళ్ళు పెద్ద. నాకు జ్వరం వస్తే గంజి కాచి పోసినవాడు.

ఒక శుక్రవారం నమాజు నుంచి వచ్చి, "ఎప్పుడూ ఆ కొళాయిలేం తీస్తావు అబ్బీ? రా, నీకొక పాత ఇల్లు సూపిస్తా" అని రస్ అల్ ఖైమా వైపు తీసుకెళ్ళాడు.

ఒకప్పటి పెద్ద ఖర్జూరపు తోట యజమాని ఇల్లు అది. సముద్రపు రాయి, మట్టి కలిపి కట్టిన గోడలు. దూలాలు విరిగి నడవలో పడి ఉన్నాయి. గాలి కోసం కట్టిన బురుజు సగం కూలింది. చుట్టూ తోట ఉండాల్సిన చోట తలలు రాలిన మొద్దులు. ఒక్క గదికి మాత్రం పైకప్పు మిగిలింది. ఆ గది నేలంతా సన్నటి కాలువలు. పూర్వం ఖర్జూరాల బస్తాలు అక్కడ పేరిస్తే, బరువుకి కారిన పాకం ఆ కాలువల వెంట కుండల్లోకి దిగేదట. ఆ కాలువల మీద అట్టలు పరుచుకుని ఒక మనిషి కాపురం ఉంటున్నాడు.

పేరు రాజేశం. జగిత్యాల దగ్గర పల్లె. ఆ తోటలో పనికే వచ్చాడు. ముసలి అర్బాబు, అంటే యజమాని, చచ్చిపోయాక కొడుకులు అబుదాబి చేరుకున్నారు. ఇతని వీసా పొడిగించలేదు సరికదా, పనిలోంచి పారిపోయాడని కేసు పెట్టారు. పారిపోయినవాడు వాళ్ళ ఇంట్లోనే పడుకుంటున్నాడు! ఇలా కాగితాలు లేకుండా మిగిలిపోయినవాళ్ళని ఇక్కడ మనవాళ్ళు ఖల్లివల్లి అంటారు. ప్రభుత్వం ఎప్పుడో ఒకప్పుడు ఆమ్నెస్టీ ప్రకటిస్తుంది, అప్పుడు జరిమానా లేకుండా, బ్యాన్ లేకుండా ఊరికి పోయి, కొత్త వీసా మీద తిరిగి రావచ్చు. రాజేశం ఆశంతా దానిమీదే. అంతదాకా ఎవరి కంటా పడకూడదు. అర్బాబు బండి బాగుచేయడానికి వెళ్ళినప్పటి పరిచయంతో, వారం వారం బియ్యం, కూరగాయలు మోసుకెళ్ళేది ఖాజా భాయే. రాజేశం అక్కడున్నాడని తెలిసింది అతనికొక్కడికే. ఆ రోజు నుంచి నాకూ.

రాజేశం ఇల్లంతా తిప్పి చూపించాడు. "అర్బాబు తాత జమానల ఆఫ్రికా నుంచి మనుషులను ఓడలల్ల తెచ్చి కొన్నరట సార్. ఈ అర్రలనే పండవెట్టెటోళ్లట. ముసలాయన్నే చెప్పిండు" అన్నాడు, తను పడుకునే అట్టల వైపు చూపిస్తూ. నేను "అయ్యో" అన్నాను. అంటూనే వెలుతురు తగ్గుతోందని కెమెరా సరిచేసుకున్నాను.

"ఫోటోలు దీస్కో సార్. గని నా మొకం రానియ్యకు, యాడ వెట్టకు. నీకు దండం వెడత" అన్నాడు. ఎందుకు పెడతాను, నా కోసమే అన్నాను. ఖాజా భాయ్ కూడా తన ఫోన్లో అతనితో ఒక సెల్ఫీ తీసుకున్నాడు.

సాయంత్రం రాజేశం బకెట్ పట్టుకుని బయల్దేరాడు. బతికున్న నాలుగైదు చెట్లకి ఇంకా నీళ్ళు పోస్తున్నాడు. ఎవరి చెట్లని, ఎవరు చెప్పారని? "పొయ్యకుంటె పానం ఊకుంటలేదు" అన్నాడు. కూలిన బురుజు కింద, వీపు నావైపు, భుజాన తువాలు, చేతిలో బకెట్. నొక్కాను. నా జన్మలో అంత మంచి ఫోటో తీయలేదు.

పాత ఇళ్ళ ఫోటోలకి ఇంటర్నెట్‌లో ఏదో పోటీ నడుస్తోంది. పెట్టాను. ఊరి పేరుతో సహా పెట్టాను. కింద, "యజమానులు వదిలేసిన తోటని ఇంకా వదలని మనిషి" అని రాసి మురిసిపోయాను. ముఖం కనబడలేదుగా, మాట తప్పలేదుగా అనుకున్నాను. నిజంగా అలా అనుకున్నానా? లేదు. ఆ బురుజుని ఆ చుట్టుపక్కల ఎవరైనా గుర్తుపడతారని తెలుసు, ఇంట్లో మనిషి ఉన్నాడని నేనే లోకానికి చాటుతున్నానని తెలుసు, అన్నీ తెలిసి, ఒక్కసారైనా కుళాయిలు తీసేవాడు అనిపించుకోకుండా ఉండాలని పెట్టాను. బహుమతి నాకే వచ్చింది. నా మొహానికి చప్పట్లు కూడా కొట్టారు.

ఫోటో చేతులు మారి అర్బాబు కొడుకుల దాకా పోయింది. పోలీసులతో వచ్చారు. రాజేశాన్ని పట్టుకుని, కొన్నాళ్ళు లోపల ఉంచి, బ్యాన్ వేసి ఇండియా విమానం ఎక్కించారు. ఖలాస్. ఆ వేసవిలోనే ఆమ్నెస్టీ వచ్చింది. అతనిలాంటివాళ్ళు ఎంతోమంది బ్యాన్ లేకుండా ఇళ్ళకి వెళ్ళారు.

ఊరు చేరాక నాకు ఫోన్ చేశాడు. దుబాయ్ సత్వాలో ఒక హోటల్ ముందు టీ తాగుతున్నాను.

"సార్, ఆ కొడుకు ఫోన్ల నా బొమ్మ సూపెట్టిండు. దూరంకెల్లి సూపెట్టిండు, మంచిగ కనవడలే. గది నువ్వు వెట్టినవా?"

"నేనా? ఛఛ."

"మరెవలు? నువ్వూ ఖాజానే గద అచ్చింది."

అక్కడ ఆగిపోవాల్సింది. ఆగలేదు.

"ఆ రోజు ఖాజా కూడా ఫోన్లో తీశాడుగా" అన్నాను.

అంతే అన్నాను. అందులో అబద్ధం ఉందా? ఒక్క అక్షరం లేదు. అలాంటి మాట దొరికినందుకు ఆ క్షణంలో సంతోషించాను కూడా. "ఖాజానా" అన్నాడు. ఫోన్ పెట్టేశాడు.

తర్వాత ఖాజా భాయ్ ఫోన్ అతను ఎత్తలేదు. ఈయన ఊరుకునే రకం కాదు. కరోనాకి ఆగిన విమానాలు మళ్ళీ మొదలయ్యాక, సెలవు మీద కడప వెళ్ళి, అక్కణ్ణించి జగిత్యాల దాకా పోయాడు, రాజేశాన్ని చూసి రావడానికి. తిరిగొచ్చి మంచం మీద కూలబడ్డాడు.

"గడప తొక్కనీలేదు అబ్బీ. అన్నం పెట్టి అమ్ముకున్న్యావని ఊరంతా ఇనేట్టు తిట్న్యాడు. మంచినీళ్ళు గూడా ఇయ్యలా. నేనేం చేసినానో నీకేమన్నా తెలుసా?"

"తెలియదు భాయ్" అన్నాను.

ఆయన కళ్ళు తుడుచుకుని, వాళ్ళావిడ నా కోసం పంపిన కజ్జికాయల డబ్బా చేతిలో పెట్టాడు. తిన్నాను. ఛీ, తిన్నాను!

ఆ బహుమతి పుణ్యాన మంచి ఉద్యోగం దొరికి, దుబాయ్‌లో విడిగా ఫ్లాట్ తీసుకున్నాను. ఖాజా భాయ్ ఇంకా అజ్మాన్‌లోనే ఉన్నాడు. రంజాన్‌కి తప్పకుండా ఫోన్ చేస్తాడు. చెప్పాలంటే ఒక్క నిమిషం పని. చెప్పకుండా ఇదంతా ఎందుకు రాస్తున్నానంటారా? ఆయన చదివింది ఉర్దూ బడిలో, తెలుగు చదవలేడు. రాజేశానికి ఏ చదువూ రాదు. నా ధైర్యమంతా అదే.

ఆ ఫోటో పెట్టింది నేను. ఖాజా కాదు. రాజేశాన్ని పట్టించింది నేను, ఆ నింద ఖాజా మీదికి తోసిందీ నేనే. రాశాక ఊపిరి కొంచెం సులువుగా ఆడుతోంది, సిగ్గులేని ఊపిరి. ఆయన మాత్రం మొన్న కూడా అడిగాడు, రాజేశం నంబరేమైనా మారిందా అబ్బీ అని.