నా చెవి పెట్టె, విమానంవాళ్ల రూలు

ఈ సంగతి మీద విమాన కంపెనీకి నాలుగు ఉత్తరాలు రాశాను. అందులో మూడు రిజిస్టరు పోస్టులో పంపాను. అందినట్టు సంతకాలతో కార్డులు తిరిగొచ్చాయి గానీ జవాబు ఒక్కటీ రాలేదు. అయిదో ఉత్తరం రాసే బదులు ఆ ప్రయాణం మొత్తం ఇక్కడ రాస్తున్నాను. మా వైపు నుంచి విమానం ఎక్కబోయేవాళ్లకి దారి తెలుస్తుంది, నా ప్రశ్న కూడా నలుగురి కళ్లా పడుతుంది.

నాది నల్లపాడు. పేరు రత్నం. పద్దెనిమిదేళ్లు పత్తి మిల్లులో పనిచేస్తే ఆ మిషన్ల మోతకి రెండు చెవులూ పోయాయి. తర్వాత గుంటూరు మిర్చి యార్డులో సరుకు చూసే పనికి కుదిరాను. కాయ ఎండిందో లేదో నేను చెవితో చెబుతాను. గుప్పెడు కాయలు చెవి దగ్గర ఆడిస్తే ఎండిన కాయలో గింజలు గలగలమంటాయి. తేమ ఉన్న కాయ పలకదు. చెవిటివాడికి ఈ పనేమిటని మొదట్లో నవ్వినవాళ్ల పేర్లన్నీ నాకు గుర్తే. చొక్కా జేబులో అగ్గిపెట్టెకి రెండింతలుండే వినికిడి మిషను, దాని నుంచి చెవి దాకా ఒక వైరు. ఆ పెట్టె వచ్చాక, నవ్వినవాళ్లే సరుకు చూసిపెట్టమని నా దగ్గరికి వచ్చారు.

అప్పటికి ఇంకా బేగంపేటలోనే విమానాలు దిగుతున్నాయి. దాచేపల్లి వైపు పద్దెనిమిది మంది రైతులు కలిసి ఒక లారీ తేజ మిరపకాయలు ఢిల్లీ పంపారు. పంపేముందు కాయ చూసి, ఎండిందని చెప్పింది నేనే. ఒకనాటి సాయంత్రం ఢిల్లీ నుంచి ఫోనొచ్చింది. సరుకు తడిగా ఉందనీ, ఎల్లుండి సాయంత్రం అయిదులోగా ఎవరైనా వచ్చి తేల్చకపోతే మొత్తం తిప్పి పంపేస్తామనీ. రైల్లో పోతే అందదు. రైతులందరూ తలాకొంత వేసుకుని రెండు విమానం టిక్కెట్లు కొన్నారు. ఒకటి నాకు, ఒకటి వాళ్ల తరఫున వచ్చే మస్తాన్‌వలీకి. మస్తాన్, నేను మిల్లులో కలిసి పనిచేసినవాళ్లం.

మర్నాడు పొద్దున్న ఏడింటికి నల్లపాడులో రైలెక్కాను. మస్తాన్ నడికుడిలో ఎక్కాడు. వాళ్లావిడ కట్టిచ్చిన పులిహోర మిర్యాలగూడ దాటాక తిన్నాం. ఆ రాత్రికి సికింద్రాబాద్ స్టేషన్ ఎదురుగా లాడ్జిలో దిగాం. గది చిన్నదే గానీ శుభ్రంగా ఉంది, వేడినీళ్లు ఇచ్చారు.

విమానం ఉదయం ఏడూ నలభైకి. తనిఖీ దగ్గర పోలీసు నా సంచిలో మిరపకాయల నమూనా కవరు విప్పి మూడు తుమ్ములు తుమ్మాడు. తర్వాత జేబులో పెట్టె చూసి, చెవి మిషనా అని సైగ చేసి వదిలేశాడు. మిరపకాయలు తీసుకెళ్లేవాళ్లు కవరుకి గట్టిగా మూతి కట్టుకోండి.

సీట్లు విడివిడిగా వచ్చాయి. మస్తాన్‌కి ముందు ఏడో వరస, నాకు వెనక ఇరవై రెండు. బెల్టు పెట్టుకుంటుండగా ఒక తెలుగమ్మాయి వచ్చి నా పెట్టె వైపు చూపించింది.

“బాబాయ్‌గారూ, వాక్‌మన్‌లు అవీ ఆఫ్ చెయ్యాలండి.”

“ఇది పాటల పెట్టె కాదమ్మా, నా చెవి.”

“ఏదైనా బ్యాటరీ ఉన్నదేగా అండీ. రూలండి.”

ఆపేశాను. రూలంటే నాకూ గౌరవమే. పైకి లేచిన కాసేపటికి పక్కనున్న సూటాయన కంప్యూటరు తెరిచి పేకాట మొదలుపెట్టాడు. ఆయనకి లేని రూలు నాకేమిటని లోపల రగిలిపోయాను. అసలు సంగతి తర్వాత మస్తాన్ చెబితే తెలిసింది. ఇక మిషన్లు వాడుకోవచ్చని మైకులో చెప్పారట. చెవి ఆపించి, మళ్లీ పెట్టుకోవచ్చన్న మాట మైకులో చెబితే నాకు వినపడేదెలా?

తొమ్మిదికి విమానం దిగింది. జనం లేచారు, నేనూ లేచాను. సంచి పట్టుకుని వెనక మెట్లు దిగి, వాళ్ల వెంట బస్సు వైపు నడిచాను. బస్సు మెట్టు మీద కాలు పెట్టేసరికి ఎవరో నా భుజం పట్టి లాగారు. చూస్తే మస్తాన్, చెప్పుల్లేకుండా పరిగెత్తుకొచ్చాడు. ఏదో అరుస్తున్నాడు. పెట్టె ఆన్ చేశాను.

“ఒరేయ్, ఇది నాగపూర్ రా! కిటికీలోంచి నీ తెల్లచొక్కా కనపడబట్టి సరిపోయింది. ఎన్ని కేకలేశానురా!”

దారిలో నాగపూర్‌లో ఆగుతుందనీ, ఢిల్లీవాళ్లు లేవొద్దనీ కూడా మైకులోనే చెప్పారట. ఆ బస్సెక్కి ఉంటే పద్దెనిమిది మంది కాయలు లారీలో తిరిగొచ్చేవి, నా మాటా పోయేది. మెట్లెక్కుతుంటే ఆ అమ్మాయి పక్కనున్న అమ్మాయితో, పెద్దాయన నిద్రమత్తులో దిగిపోయినట్టున్నాడని నవ్వింది. నేను నిద్రపోలేదు. ఆ మాట నాలుగు ఉత్తరాల్లోనూ రాశాను.

పదకొండున్నరకి ఢిల్లీ. బయట టాక్సీ, రెండు రొట్టెలు, మూడింటికి గోడౌను. కొనుగోలుదారు కుర్రవయసువాడు, మర్యాదస్తుడే. తేమ చూసే మిషను బల్లమీద పెట్టుకున్నాడు. ముందు నేను చెబుతాను, తర్వాత మీ మిషను చెప్పనివ్వండని మస్తాన్ చేత హిందీలో అడిగించాను. పది టిక్కీలు దించారు. మా యార్డులో మిరప బస్తాని టిక్కీ అంటాం. ఒక్కొక్క దాంట్లో అడుగుదాకా చెయ్యి పెట్టి గుప్పెడు తీసి చెవి దగ్గర ఆడించాను. అక్కడి హమాలీలు పని ఆపి చూస్తున్నారు. ఎనిమిది పలికాయి. రెండు పలకలేదు. ఆ రెంటినీ బోర్లించమన్నాను. అడుగున చెమ్మ, మీద పొడి. అంటే కాయ మా కళ్లంలో తడవలేదు, ఈ గోడౌను నేల మీద తడిసింది. మిషను పెట్టి చూశారు. పదికి పదీ నేను చెప్పినట్టే వచ్చింది. ఆ కుర్రవాడు లేచి, తన కుర్చీ నాకు వేశాడు. సరుకంతా తీసుకుంటున్నట్టు అక్కడికక్కడే కాగితం రాసిచ్చాడు. ఆ రెండు టిక్కీలు కూడా తనవేనన్నాడు.

తిరుగు ప్రయాణం మర్నాడు, అదే కంపెనీ విమానంలో. ఈసారి ఎక్కుతున్నప్పుడే పెట్టె చూపించి అడిగాను. ఉంచుకోండి సార్, చెవి మిషన్లకి ఏ అడ్డూ లేదన్నాడు తలుపు దగ్గర అబ్బాయి. హైదరాబాద్‌లో దిగబోతుంటే ఇంకొకావిడ వచ్చి ఆపమంది. ఒక్క విమానంలోనే రెండు రూళ్లు. నేను ఆపలేదు.

“మీ రూల్సు పుస్తకం తీసుకురామ్మా. అందులో ఉంటే ఆపేస్తా.”

“ఇప్పుడు పుస్తకమేంటండీ, దిగిపోతున్నాం కదా.”

“దిగాకే చూపించు. నాకు తొందరేం లేదు.”

అందరూ దిగిపోయినా నేను సీట్లోంచి కదల్లేదు. మస్తాన్ నా పక్కనే కూర్చుని, వీడు మిల్లులో కూడా ఇంతేనండీ, మీరు తెచ్చేయడం మంచిదని ఆవిడకి చెప్పాడు. చివరికి వాళ్ల పెద్దావిడ పుస్తకం తెచ్చి పేజీ తీసింది. వినికిడి మిషన్లు ప్రయాణం పొడుగునా పెట్టుకోవచ్చని అందులో అచ్చయి ఉంది. ఆ మాట నా బోర్డింగు కార్డు వెనక రాయించి సంతకం పెట్టించుకున్నాను. సంతకం చేస్తూ సారీ అంది. ఆ ప్రయాణంలో నాకు ఆ మాట చెప్పింది ఆవిడ ఒక్కతే.

మధ్యాహ్నం సికింద్రాబాద్‌లో రైలు. నడికుడిలో దిగుతూ మస్తాన్ ఢిల్లీలో రాసిచ్చిన కాగితం జేబులోంచి ఒకసారి బయటికి తీసి నాకు చూపించి, మళ్లీ పెట్టుకున్నాడు. ప్లాట్‌ఫారం మీద రైతులు ఏడెనిమిది మంది నిలబడి ఉన్నారు. వాళ్ల మాటలన్నీ రైలు కదిలేదాకా విన్నాను. సాయంత్రం నల్లపాడులో దిగేసరికి గాలిలో మిరప ఘాటు, పక్కనెవరో తుమ్ముతున్నారు. ఢిల్లీ దాకా వెళ్లి నా చెవి మాట నెగ్గించుకొచ్చాను. ఈ పెట్టె వల్ల ఏ విమానమూ పడిపోలేదు.

ఇక కంపెనీవారికి. కార్డు వెనక మీ సంతకం నా దగ్గరుంది. పుస్తకంలో ఉన్న రూలు, పోయేటప్పుడు నా సీటు దాకా ఎందుకు రాలేదు? నా చెవి ఆపించినవాళ్లు, నాగపూర్ అన్న ఒక్క మాట నా దగ్గరికొచ్చి ఎందుకు చెప్పలేదు? మైకులో వద్దు, నా ఇంటికి ఉత్తరం రాయండి. లేదా మనిషిని పంపండి. పెట్టె ఆన్‌లోనే ఉంది. చెప్పండి.